నాన్నగారు కళ్లు తెరిచి ప్రార్థించేవారు

మా నాన్నగారు కళ్లు తెరిచి ప్రార్థన చేసేవారు. ఈ సంగతి నాకు ఆరేడేళ్ల వయసులో, ప్రార్థన మధ్యలో నేనూ కళ్లు తెరిచిన రోజున తెలిసింది. సండేస్కూల్లో మాకు నేర్పిన ప్రకారం ప్రార్థన అంటే తల వంచాలి, చేతులు జోడించాలి, కళ్లు గట్టిగా మూసుకోవాలి. రాత్రి కుటుంబ ప్రార్థనలో అమ్మ, అన్నయ్య, నేను అలాగే కూర్చునేవాళ్లం. ఆ రోజు వేళ్ల సందులోంచి చూస్తే నాన్నగారి తల వంగి లేదు. ఆయన కిటికీలోంచి, చెట్ల కొమ్మలకు పైనున్న చీకటివైపు చూస్తూ, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినంత నెమ్మదిగా మాట్లాడుతున్నారు.

ఆమేన్ అన్న వెంటనే అడిగేశాను. ఆయన కోప్పడలేదు. బైబిలు తీసి, యోహాను సువార్త పదిహేడవ అధ్యాయం మొదటి వచనాన్ని నా చేతనే చదివించారు. “యేసు ఈ మాటలు చెప్పి ఆకాశమువైపు కన్నులెత్తి” అన్న చోట నన్ను ఆపి, ఆ తరువాత ఒక్కొక్క సంగతే చెప్పుకుంటూ వెళ్లారు. అయిదు రొట్టెలను విరిచే ముందు ప్రభువు పైకి చూశాడు. చెవిటివాని చెవులు తెరిచే ముందు పైకి చూసి నిట్టూర్చాడు. లాజరు సమాధి మీది రాయి తీసివేసిన తరువాత పైకి చూశాడు. గెత్సేమనే తోటలో మాత్రం నేలమీద సాగిలపడ్డాడు. ప్రభువు చెప్పిన ఉపమానంలోని సుంకరికైతే, అంటే పన్నులు వసూలు చేసేవాడికైతే, ఆకాశంవైపు కన్నులెత్తడానికి కూడా ధైర్యం చాలలేదు, అయినా వాడి ప్రార్థన వినబడింది. ఇదంతా చెప్పి నాన్నగారు, “కళ్లు మూసుకుంటే నీకు మనసు నిలుస్తుందంటే మూసుకో నాన్నా. నాకు తెరిస్తేనే నిలుస్తుంది” అన్నారు.

చలికాలపు రాత్రుల్లో ఆయన మమ్మల్ని డాబా మీదికి తీసుకువెళ్లేవారు. ఆయనకు ఖగోళశాస్త్రం తెలియదు. సప్తర్షి మండలం, ధ్రువ నక్షత్రం, మృగశిర, కృత్తిక, ఇంకో రెండు మూడు తెలుసు, అంతే. కానీ యోబు గ్రంథంలో దేవుడు సుడిగాలిలోనుండి యోబును ప్రశ్నించేటప్పుడు కృత్తికను బంధించగలవా, మృగశీర్ష కట్లు విప్పగలవా అని అడిగిన మాట ఆయనకు ఎంతో ఇష్టం. పెద్దల నోట విన్న నక్షత్రాల పేర్లే బైబిల్లోనూ కనబడటం మాకు అబ్బురంగా ఉండేది. యోబు చూసిన గుంపునే మనమూ చూస్తున్నామని ఆయన అన్నప్పుడు, బైబిలు ఎక్కడో జరిగిపోయిన కథ కాదని, మా డాబా మీది చీకటి దాకా వచ్చి ఆగిన పుస్తకమని నాకు అనిపించేది.

కృత్తికలను లెక్కపెట్టడం అన్నయ్యకూ నాకూ పందెం. నాకు ఎంత చూసినా ఆరే కనిపించేవి. అన్నయ్య ఏడు అనేవాడు. ఆరో ఏడో తేలక ఇద్దరం వాదించుకుని చివరికి నాన్నగారి దగ్గరికి వెళ్లేవాళ్లం. ఆయన ఎవరి పక్షమూ వహించేవారు కాదు. ఎప్పుడూ ఒకే కీర్తన చెప్పేవారు: “నక్షత్రముల సంఖ్యను ఆయన నియమించియున్నాడు, వాటికన్నిటికి పేరులు పెట్టుచున్నాడు.” తరువాత కిందికి దిగివచ్చి, తలుపు గడియ వేసి, అమ్మ తలదగ్గర చెంబుతో మంచినీళ్లు పెట్టి పడుకునేవారు. ఆకాశం చూడటమూ, గడియ వేయడమూ, నీళ్లు పెట్టడమూ ఆయనకు ఒకే పని అయినట్టు, ఏ రోజూ ఆ వరస తప్పేది కాదు.

అప్పటి నా విశ్వాసం నాన్నగారిదే. ఆయన గొంతులో ఉన్న ధైర్యాన్ని నేను నా ధైర్యం అనుకున్నాను. చదువుల కోసం ఇల్లు విడిచాక ఆ గొంతు దూరమైంది, దానితోపాటు ధైర్యమూ సన్నగిల్లింది. విశ్వం ఎంత పెద్దదో పుస్తకాల్లో చదివాను. కృత్తికల వెలుగు మనకు చేరడానికి దాదాపు 440 సంవత్సరాలు పడుతుందని, మామూలు కంటికి చిన్న మసకలా కనిపించే ఆండ్రోమెడా గెలాక్సీ సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉందని తెలిసినప్పుడు, ఇంత పెద్ద చోట ఒక మనిషి ప్రార్థన ఏపాటిది అనిపించింది. ఆ ప్రశ్న నేనే మొదట వేశానని కూడా అనుకున్నాను. ఎనిమిదవ కీర్తన రాసినవాడు చంద్రనక్షత్రాలను చూసి, మనుష్యుని జ్ఞాపకం చేసుకోవడానికి “వాడేపాటివాడు” అని నాకంటే ఎన్నో వందల ఏళ్ల ముందే అడిగాడని నాకు తెలుసు, ఆ కీర్తన కంఠతా వచ్చు కూడా. కానీ దాన్ని కంఠంలోనే ఉంచుకున్నాను. ఆ కీర్తనకారుడు ఆ ప్రశ్నను దేవునినే అడిగాడు, నేను నన్ను అడిగి ఊరుకున్నాను.

చాలా కాలం తరువాత, చంద్రుని మీద నడిచి వచ్చిన ఆల్డ్రిన్, 1969 జూలై 23న భూమికి తిరిగివస్తూ దారిలో చేసిన ప్రసారంలో ఆ కీర్తనలోని ఆ వచనాలనే చదివాడని తెలిసింది. ఆ దూరాన్ని నేను కాగితం మీద చదివి కుంగిపోయాను. ఆయన మనిషిగా దాంట్లో కొంత మేర ప్రయాణం చేసి, ఆ ప్రశ్నను ప్రార్థన భాషలోనే పలికాడు. అప్పుడే తెలిసి ఉంటే నేను మారిపోయేవాణ్ణని చెప్పలేను. ఒక మాట మనల్ని తాకడానికి దాని సమయం దానికి ఉంటుంది.

నాన్నగారు పోయిన తరువాత ఇంట్లో జరిగింది వివరంగా రాయను. పంపకాల దగ్గర అన్నయ్యకూ నాకూ మాట వచ్చింది, ఆ మాట మీద మరో మాట పెరిగింది, అయిదేళ్లు మేము మాట్లాడుకోలేదు. అమ్మ నా దగ్గర ఉండేది. నేను ఇంట్లో లేని వేళ చూసుకుని అన్నయ్య వచ్చి ఆమెను చూసి వెళ్లేవాడు. ఆ రోజుల్లో నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. నాన్నగారి వైద్యానికి నేను పెట్టిన ఖర్చు, నేను సెలవు పెట్టిన రోజులు, అన్నయ్య రాని రోజులు, అన్న మాటలు, ఏ రోజున ఎవరి ముందు అన్నాడో, అన్నీ తేదీలతో సహా రాసేవాణ్ణి. ఎవరికీ చూపించడానికి కాదు. రాత్రి భోజనమయ్యాక బల్ల దగ్గర కూర్చుని, తల వంచి, పాత పేజీలు తిరగేసి మళ్లీ కూడేవాణ్ణి. ప్రతిసారీ మొత్తం అన్నయ్య బాకీగానే తేలేది.

ఆదివారాలు గుడికి వెళ్లేవాణ్ణి. పాటలు పాడేవాణ్ణి. తల వంచుకునే ప్రార్థించేవాణ్ణి, ఆ వంపులో సుంకరి దీనత్వం మాత్రం లేదు.

ఒక చలికాలపు రాత్రి ఆ నోట్‌బుక్ ముందు కూర్చుని ఉండగా కరెంటు పోయింది. కాసేపు చూసి, గాలి కోసం డాబా మీదికి వెళ్లాను. చుట్టుపక్కల ఒక్క దీపమూ లేదు. చాలా ఏళ్ల తరువాత పూర్తి చీకటిలో తల ఎత్తాను. మృగశిర నడినెత్తికి దగ్గరగా ఉంది. దానికి కొంచెం పడమరగా, చిన్నప్పుడు ఎక్కడ వదిలేశామో అక్కడే, కృత్తికల గుంపు. లెక్కపెట్టాను. ఆరు. లెక్క పూర్తికాకముందే చెవిలో “ఏడురా” అన్న అన్నయ్య గొంతు, పదేళ్ల పిల్లవాడి గొంతు, వినిపించింది. నాలుగేళ్లుగా నేను ఆ నోట్‌బుక్‌లో ఎవరి మీద లెక్కలు రాస్తున్నానో ఆ మనిషి, ఈ పిల్లవాడు ఒకడే అన్న సంగతి అంతవరకూ నాకు తట్టలేదు.

కిందికి దిగి, కొవ్వొత్తి వెలుగులో నాన్నగారు చెప్పే ఆ కీర్తన వెతికాను. నూట నలభై ఏడవ కీర్తన, నాలుగవ వచనం. దానికి పైన ఉన్న మూడవ వచనాన్ని ఆయన మాకు ఎన్నడూ చెప్పలేదు, లేదా చెప్పినా పిల్లలం వినలేదు: “గుండె చెదరినవారిని ఆయన బాగుచేయువాడు, వారి గాయములు కట్టువాడు.” గాయం కట్టడం, నక్షత్రాలకు పేర్లు పెట్టడం, ఈ రెండింటి మధ్య కీర్తనకారుడు ఒక్క మాట కూడా అడ్డం పెట్టలేదు. విశ్వం పెద్దదైన కొద్దీ మనిషి దేవునికి కనబడకుండా పోతాడని నేను ఇరవై ఏళ్లుగా అనుకుంటూ వచ్చాను. ఆ రెండు వచనాలూ పక్కపక్కనే కూర్చుని నాకు జవాబు చెబుతున్నట్టు అనిపించింది. అన్ని నక్షత్రాలను పేరు పేరునా ఎరిగినవాడికి, ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల గాయం కనబడకపోతుందా? ఆ రాత్రి నేను కిటికీ తెరిచి, కళ్లు తెరిచే, “తండ్రీ” అన్నాను. ఇంకేమీ అనలేకపోయాను. ఏ వెలుగూ దిగిరాలేదు, ఏ స్వరమూ వినబడలేదు. కానీ ఆ మాట మొదటిసారిగా నా నోటి నుంచి, నా అవసరంతో వచ్చింది.

ఆ తరువాతి వారాల్లో, పైకి చూసిన మనుషుల కోసం బైబిలంతా వెతుక్కుంటూ చదివాను. దానియేలు నాలుగవ అధ్యాయం దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. బబులోను రాజు నెబుకద్నెజరు తన నగరులో తిరుగుతూ, ఇది నేను కట్టించిన మహా బబులోను కదా అని చూసుకున్నాడు. తన చేతిపని మీదనే చూపు నిలిపినవాడు చివరికి పశువులా గడ్డి మేసే స్థితికి వచ్చాడు. ఆ కాలం గడిచాక అతడు కళ్లు ఆకాశంవైపు ఎత్తాడు, మానవబుద్ధి మళ్లీ వచ్చింది. మూలభాషలో కళ్లెత్తడమే ముందు ఉంది, బుద్ధి రావడం దాని వెనుక. నేను ఎప్పుడూ దీన్ని తలకిందులుగా అనుకున్నాను. ముందు అన్నీ అర్థం కావాలి, సందేహాలు తీరాలి, అప్పుడు విశ్వాసంతో పైకి చూడాలి అని. ఆ రాజుకు ఏమీ అర్థం కాని దశలోనే కళ్లు పైకి లేచాయి.

పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక నన్ను మరోలా పట్టుకుంది. అందులో ఆయన కూడా లెక్కలు రాశాడు. ఒకటి తక్కువ నలభై దెబ్బలు అయిదుసార్లు, బెత్తాలతో మూడుసార్లు, రాళ్లతో ఒకసారి, ఓడ పగలడం మూడుసార్లు. నా నోట్‌బుక్ కంటే ఎంతో బరువైన పట్టిక అది. అదే పత్రికలో అంతకు ముందే ఆయన ఇదంతా “క్షణమాత్రముండు మా చులకని శ్రమ” అన్నాడు. దెబ్బలు తెలియనివాడు అన్న మాట అయితే నేను పక్కన పెట్టేసేవాణ్ణి. ఇది దెబ్బలను ఒక్కొక్కటిగా గుర్తుంచుకున్నవాడి మాట. తక్కెడలో రెండో వైపున ఆయన నిత్యమైన మహిమ భారాన్ని పెట్టి చూశాడు. నా తక్కెడలో రెండో వైపున ఎప్పుడూ అన్నయ్యనే పెట్టాను.

ఇక్కడ ఒక పక్కమాట. చిన్నప్పుడు నాకు ఆకాశం వేరు, పరలోకం వేరు. ఆకాశం డాబా మీదికి వెళితే కనబడేది, పరలోకం చనిపోయినవారు వెళ్లేది. తెలుగు బైబిల్లోనూ అలాగే రెండు మాటలు ఉన్నాయి. “పరలోకమందున్న మా తండ్రీ” అని ప్రార్థిస్తాం, అదే అధ్యాయంలో “ఆకాశపక్షులను చూడుడి” అని చదువుతాం. ఆ రెండు చోట్లా గ్రీకులో ఉన్నది ఒకే పదమని, హెబ్రీలో కూడా రెండింటికీ ఒకే పదమని ఒక వృద్ధ పాదిరిగారు నాకు చెప్పారు. మన అనువాదకులు ప్రతి చోటా సందర్భం చూసి ఏదో ఒక మాట ఎంచుకోవలసి వచ్చింది, ఆ ఎంపిక సరైనదే. నక్షత్రాల వెనుక ఎక్కడో దేవుని ఇల్లు ఉందని నేను అనుకోవడం లేదు. అయినా ఆ సంగతి విన్నప్పటి నుంచి, పక్షులు ఎగిరే చోటికీ తండ్రి ఉండే చోటికీ మధ్య నేను చిన్నప్పుడు కట్టుకున్న గోడ కొంచెం పల్చబడింది.

అమ్మకు అప్పటికే నడుము వంగిపోయింది. మెడ పైకి లేచేది కాదు, నడిస్తే నేలే కనిపించేది. నేను రాత్రుళ్లు డాబా మీదికి వెళుతున్నానని గమనించి, ఒక రోజు, “నేను పైకి చూడలేను కదరా, నువ్వు చూసి వచ్చి చెప్పు” అంది. అప్పటి నుంచి రోజూ కిందికి వచ్చి, ఏం కనిపించాయో ఆమె మంచం దగ్గర కూర్చుని చెప్పేవాణ్ణి. మబ్బు పడితే మబ్బు పట్టిందని చెప్పేవాణ్ణి. ఒకసారి లూకా సువార్తలో పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ కథ చదివి వినిపించాను. అమ్మ మొత్తం విని, “ఆవిడ ఆయన్ని చూడలేదు, ఆయనే ఆవిణ్ణి చూసి పిలిచాడు” అంది. ఆ కథ నేను ఎన్నోసార్లు విన్నాను, ఆ సంగతి నాకు పట్టలేదు. కన్నులెత్తలేని మనిషి దాకా ప్రభువు చూపే దిగివచ్చిందని నాకు చెప్పడానికి, నేల తప్ప మరేమీ చూడలేని మా అమ్మే కావలసివచ్చింది.

రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల ఆరాధన క్రమంలో గురువు “మీ హృదయములను పైకెత్తుడి” అంటే సంఘం ప్రభువు తట్టు ఎత్తుతున్నామని జవాబిస్తుంది. మూడవ శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియను కాలానికే ఈ మాటలు ఆరాధనలో ఉన్నాయి. క్రైస్తవుల మీద హింసలు జరుగుతున్న రోజులవి. ఆ జవాబు చెప్పేటప్పుడు అమ్మ గొంతు మిగతావారికంటే కొంచెం పెద్దగా వినిపించేది.

పైకి చూడటం గురించి నన్ను సరిదిద్దిన వచనం కూడా ఒకటి ఉంది. ప్రభువు ఆరోహణమైనప్పుడు శిష్యులు అలాగే నిలబడి చూస్తూ ఉంటే, తెల్లని వస్త్రాలు ధరించిన ఇద్దరు వచ్చి, “గలిలయ మనుష్యులారా, మీరెందుకు నిలిచి ఆకాశమువైపు చూచుచున్నారు?” అన్నారు. శిష్యులు కొండ దిగి యెరూషలేముకు తిరిగి వెళ్లారు. విశ్వాసం కోసం రాళ్లతో చంపబడిన స్తెఫను సంగతి మరీ లోతైనది. రాళ్లు పడబోయే ముందు అతడు ఆకాశంవైపు తేరిచూశాడు, దేవుని కుడిపార్శ్వాన నిలిచి ఉన్న యేసును చూశాడు. ఆ తరువాత అయిదు వచనాలు దాటకముందే, ఈ పాపం వారిమీద మోపవద్దని మోకాళ్లూని గొంతెత్తి అడిగాడు. కొలొస్సయుల పత్రిక మూడవ అధ్యాయం కూడా అంతే. “పైనున్న వాటినే వెదకుడి” అన్న మాటతో మొదలై, పదమూడవ వచనానికి వచ్చేసరికి ఒకరినొకరు సహించండి, ప్రభువు మిమ్మల్ని క్షమించినట్టు మీరూ క్షమించండి అంటుంది. తెలుగులో అక్కడ, ఎవడైనా తనకు హాని చేశాడని ఒకడు “అనుకొనినయెడల” అని ఉంటుంది. ఆ “అనుకొనిన” అన్న మాట దగ్గర నా నోట్‌బుక్ మొత్తం నాకు గుర్తుకు వచ్చింది. అందులో జరిగినవి ఎన్ని, నేను అనుకున్నవి ఎన్ని?

అయినా వెంటనే అన్నయ్యకు ఫోను చేయలేదు. పైకి చూడటం వచ్చినంత తొందరగా పక్కకు చూడటం రాలేదు. ఎండాకాలం వచ్చింది. కృత్తికలు సాయంత్రం సూర్యుడితోపాటే దిగిపోయి, కొన్ని వారాలు కంటికి కనబడకుండా పోయాయి. తరువాత తెల్లవారుజామున తూర్పున మళ్లీ మొదలయ్యాయి. నేను ఆ నోట్‌బుక్‌లో మిగిలిన ఖాళీ పేజీల్లో అమ్మ మందుల వేళలు రాసుకోవడం మొదలుపెట్టాను. పాత పేజీలు చింపలేదు, కూడటం మాత్రం మానేశాను. ప్రతి రాత్రీ ప్రార్థనలో అన్నయ్య పేరు పలికాను. మొదట్లో ఆ పేరు గొంతులో అడ్డుపడేది. పలకగా పలకగా, నేను తప్పులు రాసిన మనిషి కోసమే కాక, నేను రాసిన తప్పుల కోసమూ క్షమాపణ అడుగుతున్నానని ఒక రాత్రి గమనించాను.

మళ్లీ చలికాలం వచ్చాక, ఆకాశం తేటగా ఉన్న ఒక రాత్రి డాబా మీదికి వెళ్లే ముందు అతడికి ఫోను చేశాను. ఏం మాట్లాడాలో ముందుగా అనుకున్నవన్నీ మరిచిపోయాను. అతడు “చెప్పరా” అన్నాడు, అయిదేళ్ల ఎడం లేనట్టు. “అన్నయ్యా, నీ మీద చాలా రాసి పెట్టుకున్నాను, నన్ను క్షమించు” అన్నాను. అవతల మాట లేదు. కాసేపటికి నేనే, “ఒకసారి పైకి వెళ్లి చూడు, కృత్తికలో నీకెన్ని కనబడుతున్నాయో” అని అడిగాను.

మెట్లు ఎక్కుతున్న చప్పుడు ఫోనులో వినిపించింది. తలుపు తీసిన చప్పుడు. తరువాత చాలాసేపు ఊపిరి తప్ప మరేమీ లేదు. అతడు కళ్లద్దాలు తుడుచుకుని ఉంటాడు, లేదా కళ్లే తుడుచుకుని ఉంటాడు.

“ఆరేరా” అన్నాడు. “నాకూ ఇప్పుడు ఆరే కనబడుతున్నాయి.”

ఆ తరువాత, “అమ్మ మెలకువగా ఉందా?” అని అడిగాడు. నేను వెళ్లి ఫోను అమ్మ చెవి దగ్గర పెట్టాను.